బొగ్గు లేని జాగ

మొన్న మా బడిలో సంతాపసభ జరిగింది. వేదిక మీద కూర్చున్న ముగ్గురు పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు లేచి, ఈ బడికి ఈ జాగ చూపించింది తానేనని ఎవరికి వారు చెప్పారు. ముగ్గురూ కళ్ళు తుడుచుకున్నారు. ముగ్గురికీ చప్పట్లు పడ్డాయి. ముందు వరసలో కూర్చున్న కొత్త పంతులు ఒకాయన అదంతా శ్రద్ధగా రాసుకున్నాడు. రేపు బడి సంచికలో అదే అచ్చవుతుంది. ఇన్నేళ్ళు వాచనాలయంలో కూర్చున్నవాణ్ణి, అచ్చు ఎంత మొండిదో నాకు తెలుసు. మనుషులు పోయినా అది పోదు. అందుకని, జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

సభ ఎవరి కోసం జరిగిందో ఆయన ఫొటోలో దండ వేయించుకుని ఉన్నాడు. బతికి ఉంటే లేచి, మైకును వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూసి, "మోగుతలేదు" అని కూర్చునేవాడు.

మహారాష్ట్రలో, చంద్రపూర్ దగ్గర రాజురా బజారులో ఆయనది గిన్నెల దుకాణం. అందరూ సేటు అనేవారు, నేనూ అదే అంటాను. పేరు రాయకపోవడానికి కారణం ఉంది, చివర చెబుతాను. ఆ దుకాణం అరుగు మీద చిన్న మిషను పెట్టుకుని నేను గిన్నెల మీద పేర్లు చెక్కేవాణ్ణి. పెళ్ళిలో చదివించే బిందె మీద ఇచ్చినవాళ్ళ పేరు పెద్దగా, పుచ్చుకున్నవాళ్ళ పేరు చిన్నగా. నా చదువు పదో తరగతితో ఆగింది, అదీ మరాఠీలో. తెలుగు చదవడం భజన పుస్తకాల్లో మొదలుపెట్టి, బజారు చివరి వాచనాలయంలో ఉన్న ఒక్క తెలుగు అలమారా మొత్తం చదివి పూర్తిచేశాను. అది అయిపోయాక మరాఠీ, హిందీ అలమారాల మీద పడ్డాను. సేటు నన్ను గిరాకీలకు "గీయన మా లైబ్రరీ" అని చూపించేవాడు. అది మెప్పో వెక్కిరింపో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆయన లోకాన్ని వేలి కణుపుతో తెలుసుకునేవాడు. బిందె చేతికి వస్తే తలకిందులు చేసి ఒక్క దెబ్బ కొట్టేవాడు. తల పక్కకు వంచి, కళ్ళు మూసుకుని, ఆ మోత చివరిదాకా వినేవాడు. బిందె వరకైతే సరే. పుచ్చకాయను కొట్టేవాడు, అదీ సరే. చాయ్ సాసరును, బస్సు అద్దాన్ని, బ్యాంకు బల్లను కూడా కొట్టేవాడు. దగ్గు వచ్చి వైద్యుడి దగ్గరకు పోతే, ఆయన గొట్టం చెవుల్లో పెట్టుకునేలోపే తన రొమ్ము తానే కొట్టి, "లోపట మంచిగనే ఉన్నది, గోలీ మాత్రం ఇయ్యి" అనేవాడు. మనుషుల గురించి కూడా అదే తీర్పు. ఎవరైనా ఎక్కువ మాట్లాడి వెళ్ళిపోతే, నా వైపు తిరిగి మెల్లగా, "పైన మెరుగున్నది, మోగుతలేడు" అనేవాడు.

దేశం తలుపులు తెరుస్తోందని పేపర్లు రాస్తున్న రోజులవి. మా బజారులో ఆ తలుపులోంచి మొదట వచ్చింది ప్లాస్టిక్ బకెట్. అది రంగురంగులుగా దిగేసరికి ఇత్తడి బిందె పాతసామాను అయిపోయింది. సేటు గోదాము సగం ఖాళీ అయింది. రెండో వస్తువుగా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఎస్టీడీ బూత్ ఉన్న ప్రతి సందులోనూ ఒక కాన్వెంట్ బోర్డు లేచింది. సేటు చదివింది నిజాం కాలపు ఉర్దూ, అదీ నాలుగో జమాత్ దాకా. కొడుకులు చదివింది మరాఠీ. మనవలకు ఇంగ్లిష్ కావాలి. ఇంట్లో కోప్పడేది మాత్రం తెలుగులో. "మా ఇంట్ల ఒక్కొక్క తరానికి ఒక్కొక్క జబాన్, ఒకరి చిట్టీ ఇంకొకరు చదువలేరు" అని నవ్వేవాడు. ఖాళీ గోదాము చూసి చూసి, ఒకరోజు అందులో గోనెపట్టాలు పరిపించి బడి పెట్టేశాడు.

సుమన్‌బాయి అనే ఒక టీచరు ఆ బడి నడిపేది. పిల్లలు బొగ్గుగనులున్న సాస్తి వైపు నుంచి, బొగ్గు లారీలు తిరిగే దారి పొడుగునా ఉన్న వాడల నుంచి వచ్చేవారు. అంతకుముందు వాళ్ళు లారీల నుంచి రాలిన బొగ్గు ఏరుకునేవారు. ఎక్కాలు గట్టిగా చెబుతుంటే గోదాములో వేలాడే గరిటెలు వాళ్ళతో పాటు సన్నగా మోగేవి. పైనుంచి మూత ఒకటి దొర్లిపడితే ఆ పూటకు చదువు అయిపోయినట్టే. సేటుకు ఆ గోల అంటే ప్రాణం. గల్లాపెట్టె దగ్గర కూర్చుని వింటూ, "గిది మోగుతున్నది లైబ్రరీ" అన్నాడు ఒకసారి. మనుషుల గురించి మోగుతున్నదని ఆయన అనగా నేను విన్నది అదే మొదలు.

అయితే జిల్లా విద్యాశాఖ వాళ్ళు గోదామును బడి అనరు. బడికి సంస్థ ఉండాలి, సంస్థకు సభ్యులుండాలి, సంస్థ పేరు మీద సొంత జాగ ఉండాలి. వానలు తగ్గాక సాహెబు తనిఖీకి వస్తాడు, అప్పటికి జాగ లేకపోతే అనుమతి రద్దు. అనుమతి పోతే పిల్లలు మళ్ళీ లారీల వెనక పడతారు. సేటు ఒక్కడే సంస్థ కాలేడు కాబట్టి మరో ముగ్గురిని చేర్చుకున్నాడు. మాజీ సర్పంచ్ భీమన్న, లారీలు తిప్పే శంకర్, సూదులు వేసే డాక్టరు నారాయణ. ఈ డాక్టరుకు రోగులకంటే పొలాలు ఎక్కువ. ముగ్గురూ బడికి ఏం పేరు పెట్టాలో గంటలో తేల్చేశారు. అందులో ఇంటర్నేషనల్ అనే మాట ఉంది. జాగ దగ్గరకు వచ్చేసరికి కథ మొదలైంది.

మా వైపు భూమి విలువ పైన పండే పత్తిని బట్టి ఉండదు, కింద ఉన్న బొగ్గును బట్టి ఉంటుంది. బొగ్గుగని కోసం, మేం ఖదాను అంటాం, కంపెనీ భూమి తీసుకుంటే పరిహారం వస్తుంది, ఇంట్లో ఒకరికి నౌకరీ వస్తుంది. పెళ్ళి సంబంధాల్లో పిల్లవాడు ఏం చదివాడని కాదు, వాళ్ళ చేన్లో బోరు పడిందా అని ముందు అడుగుతారు. అది నీళ్ళ బోరు కాదు. కంపెనీ మిషను వచ్చి, నేలను లోతుగా తొలిచి, కింద బొగ్గు ఉందో లేదో చూసే బోరు. మిషను ఎవరి చేన్లో ఆగితే వాళ్ళు దానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నడిపేవాళ్ళకు కోడికూర వండిపెట్టేవారు. మా కోడి తిన్నవాడు మొహమాటానికైనా బొగ్గు తీయకపోతాడా అని ఆశ.

మొదటి మీటింగుకు నేను వాచనాలయం నుంచి ఒక పుస్తకం తెచ్చాను. బడి జాగ ఎత్తు మీద ఉండాలని, నీళ్ళు నిలవకూడదని, దుమ్ముకూ రొదకూ దూరంగా ఉండాలని, పిల్లలు నడిచి చేరగలగాలని అందులో ఉంది. మరాఠీలో ఉన్నదాన్ని తెలుగులో చెబుతూ చదివాను. ముగ్గురూ ఓపిగ్గా విన్నారు. చివరికి శంకర్ అడిగాడు.

"మంచిగున్నది. గీ పుస్తకం రాసినాయనకు సాస్తి దిక్కు భూమి ఉన్నదా?"

"లేదనుకుంటా."

"గట్లయితే ఆయనకేం తెలుసు?"

పుస్తకం అక్కడే మూతపడింది. భీమన్న కుర్చీ ముందుకు జరుపుకుని అసలు సంగతి చెప్పాడు.

"చూడు సేటూ. నా చేను ఖదానుకు ఆనుకొని ఉన్నది. ఇయ్యాల కాకున్నా రేపు కంపెనీ తీసుకుంటది. ఉత్త చేనుకు ఒక ధర, మీద బిల్డింగ్ ఉంటే ఇంకో ధర. అండ్ల బడి కడదాం. వాళ్ళు కూలగొడతరు. పరిహారం సంస్థకొస్తది."

"సంస్థ ఎవలది?" అన్నాడు సేటు.

"మనదే. భూమి ఇచ్చినోడు శాశ్వత అధ్యక్షుడు. గంతే."

"కూలగొట్టేటందుకు కట్టే బడిల పిల్లలనెట్ల కూసోబెడతం భావూ?"

భీమన్న ఆశ్చర్యపోయాడు. "పిల్లలెందుకు? బోర్డు చాలు."

అది చాలా గొప్ప ఆలోచన అని మిగతా ఇద్దరికీ వెంటనే తోచింది. ఎంత గొప్పదంటే, అది భీమన్న చేన్లో జరగడం వాళ్ళకు నచ్చలేదు. తన జాగ ఇంకా దగ్గర, లారీలు తూచే ఖదాను కాంటా పక్కనే అన్నాడు శంకర్. తన వాగు ఒడ్డు చేన్లో మొన్ననే బోరు పడిందనీ, తీసిన మట్టి నల్లగా ఉందనీ నారాయణ చెప్పాడు. మిషను వాళ్ళకు తాను కోడి కాదు, మేకనే కోయించానని కూడా చెప్పాడు.

సేటు కాదనలేదు. "చూద్దాం. జాగ చూడకుంట ఎట్ల?" అన్నాడు.

చూడడం అంటే ఎలా ఉంటుందో చెప్పాలి. సేటు ఒక పొడుగాటి ఇత్తడి గరిటె చేత పట్టుకుని బయలుదేరేవాడు. చేనులోకి దిగి, చెప్పులు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, గరిటె కాడతో నేలను కొట్టేవాడు. తల వంచి చెవి పెట్టేవాడు. రెండడుగులు జరిగి మళ్ళీ కొట్టేవాడు. పక్కన అధ్యక్షుడు కాబోయేవాడు ఊపిరి బిగపట్టి నిలబడేవాడు. వానాకాలం నల్లరేగడిలో గరిటె కాడ దిగబడిపోయేది, చప్పుడు అనేదే ఉండేది కాదు. అయినా ఆయన చాలాసేపు వినేవాడు.

భీమన్న చేన్లో లేచి మోకాళ్ళ బురద దులుపుకుంటూ, "నీ భూమి మంచిది భావూ. గానీ మోగుతలేదు," అన్నాడు.

"భూమి మోగుడేంది? అదేమన్న బిందెనా?"

"నాకు తెలిసింది గదొక్కటే. మోగని దాన్ని దుకాణంల పెట్టుకోను."

శంకర్ జాగలో కాంటా మీదికి వచ్చే లారీల రొదలో ఏమీ వినపడలేదు, అక్కడా అదే తీర్పు. నారాయణ చేన్లో వాగు నీళ్ళు పాదాల దాకా వచ్చాయి. సేటు నీళ్ళను కూడా కొట్టి చూశాడు.

"ఏమంటున్నది?" అన్నాడు నారాయణ ఆత్రంగా.

"దగ్గుతున్నది డాక్టర్‌సాబ్."

నేను ఆ వారమంతా వాచనాలయంలో కూర్చుని నేల, ధ్వని, రాయి అంటూ దొరికిన పుస్తకమల్లా తిరగేశాను. తడి మట్టిని కొట్టి లోపలి సంగతి తెలుసుకునే పద్ధతి ఎక్కడా కనపడలేదు. సేటు దగ్గరకు వెళ్ళి, శాస్త్రంలో ఇది లేదని చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"నువ్వు గింత చదివినవ్, గిది తెలువదా? గిరాకి ఇంటికాడికెల్లి చిల్లు బిందె పట్టుకొస్తడు. మారకానికి తీసుకో అంటడు. ఇది పనికిరాదని మొకం మీద అన్ననుకో, గిరాకి పోతడు, మళ్ళ రాడు. మోగుతలేదు అన్ననుకో, తప్పు బిందెది. గిరాకిది కాదు. చాయ్ తాగి పోతడు."

అయితే అనుమతికి ఆ ముగ్గురి సంతకాలు కావాలి, సాహెబు రావడానికి రోజులు దగ్గర పడుతున్నాయి. చాయ్ తాగించి ఎన్నాళ్ళని పంపిస్తారు? అదే అడిగాను. సేటు సైకిలు తీయించాడు.

ఆయన వెళ్ళింది కంపెనీ మిషను వాళ్ళ డేరాలకు. వాళ్ళ పెద్ద రామ్‌సేవక్ అనే బిహారీ. టిఫిన్ డబ్బాలు, వంట డేగిసాలు సేటు దగ్గరే కొనేవాడు. అతని దగ్గరకు వచ్చే ప్రతి మనిషీ బొగ్గు ఎక్కడ ఉందని చెవిలో అడిగేవాడు. సేటు తన ఉర్దూ హిందీలో గట్టిగా అడిగాడు, ఎక్కడ లేదు అని. రామ్‌సేవక్ ఆ ప్రశ్న మళ్ళీ అడిగించుకుని విన్నాడు. ఆ తర్వాత పగలబడి నవ్వి, ఆ రహస్యం ఎవరూ అడగలేదు కాబట్టి దాచమని కూడా ఎవరూ చెప్పలేదంటూ, దూరంగా ఒక రాతి గడ్డ వైపు చెయ్యి చూపించాడు.

అది రాజవ్వ గడ్డ. వాడలకూ ఊరికీ నడుమ, దారి కంటే ఎత్తున ఉంటుంది. అంతా మొరం, పైన కంప. మధ్యలో నేలలో దిగేసిన ఒక ఇనుప గొట్టం, మిషను వాళ్ళు ఏమీ దొరక్క విసుగెత్తి వదిలేసి పోయింది. గడ్డ సొంతదారు రాజవ్వ దానికి తన మేకను కట్టేసి, పక్కనే నిలబడి ఉంది.

"రాజవ్వా, నీ గడ్డ బడికిస్తవా?"

ఆమె సేటును కిందికీ పైకీ చూసింది. "మిషినోళ్ళు నా పుంజును తిని, రాయి చూపిచ్చి పోయిండ్రు. గిండ్ల ఏం లేదని ఊరందరి ముంగట చెప్పిండ్రు. నా కొడుక్కు పిల్లనిస్తలేరు. ఇంక నువ్వొచ్చి ఏం దొరుకబడతవ్ సేటూ?"

"ఏం లేకపోవుడే నాకు గావాలె."

"నెత్తి గిట్ల తిరిగిందా?"

సేటు వంగి, వేలి కణుపుతో ఆ గొట్టాన్ని కొట్టాడు. లోపల ఎంత లోతుందో ఏమో, ఆ మోత దిగుతూ దిగుతూ పోయింది. మేక చెవులు నిక్కించింది. ఆయన తల పక్కకు వంచి, కళ్ళు మూసుకుని, అది ఆగేదాకా విన్నాడు.

రాజవ్వ సరే అంది. ధర గురించి ఆమె పెద్దగా గొడవ చేయలేదు. ఒక్క షరతు పెట్టింది. "బజార్ల నిలవడి చెప్పాలె. రాజవ్వ భూమిల దొరికింది అని."

"ఏం దొరికిందని చెప్పాలె?"

"గది నీ ఇష్టం. దొరికింది అనాలె, గంతే."

ఆఖరి మీటింగు గోదాములోనే జరిగింది. పిల్లలు ఒక పక్క ఎక్కాలు చదువుతున్నారు. సేటు గరిటె ముందు పెట్టుకుని, దిగులుగా మొదలుపెట్టాడు.

"నిజం చెప్పాల్నంటే భీమన్న భావు చేను మళ్ళ ఒకపారి చూసిన. జర మోగినట్టే ఉన్నది. ఆయననే శాశ్వత అధ్యక్షుడు చేద్దాం."

"ఆయనెందుకు?" అన్నారు శంకర్, నారాయణ ఒక్క గొంతుతో.

"గట్లయితే శంకర్ జాగ?"

"వానికి ఇప్పటికే లారీలున్నయ్, పరిహారం కూడా వానికేనా?" భీమన్న లేచి నిలబడ్డాడు.

"పోనీ డాక్టర్‌సాబ్ వాగు?"

దాని గురించి మిగతా ఇద్దరు అన్నది ఇక్కడ రాయను, పిల్లలు కూడా చదువుతారు. గొడవ పెరిగింది. వాటిలో ఏ జాగ ఖాయమైనా బడి బోర్డుగా మిగులుతుందని, ఏదీ ఖాయం కాకపోతే అనుమతే ఉండదని గోదాములో అందరికంటే బాగా తెలిసిన మనిషి సుమన్‌బాయి. ఆమె చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎక్కాలు ఆగాయి.

సేటు గరిటె కాడతో ఒక బిందెను కొట్టాడు. ముగ్గురూ ఇటు తిరిగారు.

"మీ ముగ్గురిల ఒకరికి లాభమైతే ఇద్దరికి కడుపునొప్పి. ముగ్గురికీ లాభం లేని జాగ ఒకటున్నది."

"ఏది?"

"రాజవ్వ గడ్డ."

"అండ్ల బొగ్గు లేదు గదా!" అన్నాడు శంకర్.

"అస్సలు లేదు. మిషినోళ్ళే చెప్పిండ్రు. వందేండ్లయినా కంపెనీ ఇటు దిక్కు చూడదు. ఎవలికీ ఒక్క పైస రాదు."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కవాడికి ఏమీ రాదన్న సంగతి నెమ్మదిగా ఒంటికి పట్టింది. మొదట నారాయణ మొహం తేటపడింది, తర్వాత భీమన్నది.

"గది న్యాయం," అన్నాడు భీమన్న.

సంతకాలు చకచకా పడ్డాయి. మా సంస్థలో ఏకగ్రీవంగా జరిగిన తీర్మానం నాకు తెలిసి అదొక్కటే.

సాహెబు వచ్చాడు. రాతి గడ్డ మీద నిలబడి చుట్టూ చూసి, ఇంత సారవంతమైన జిల్లాలో ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారని మరాఠీలో అడిగాడు. "ఇథే కాహీచ్ నాహీ, సాహెబ్" అన్నాడు సేటు. ఇక్కడ ఏమీ లేదు సాహెబ్, అందుకనే. సాహెబు ఏమనుకున్నాడో ఏమో, అనుమతి మాత్రం నిలబడింది. నేను ఆయన పక్కన నిలబడి లెక్కవేసుకున్నాను. ఎత్తు, నీళ్ళు నిలవకపోవడం, దుమ్ముకు దూరం, నడక దూరం. అన్నీ నా పుస్తకంలో ఉన్నవే. సేటుకు ఆ మాట చెబితే, "మరి మొదలే చెప్పకపోతివి?" అన్నాడు.

మాట ప్రకారం ఆయన బజారులో నిలబడి, రాజవ్వ భూమిలో దొరికిందని ప్రకటించాడు. చాయ్ హోటళ్ళ నుంచి జనం పరుగెత్తుకొచ్చారు. ఏం దొరికింది, ఎంత లోతులో అని అడిగారు. "బడి దొరికింది" అన్నాడు. సగం మంది తిట్టుకుంటూ పోయారు. మిగతా సగం, సేటు ఏదో దాస్తున్నాడని నమ్మారు. ఆ ఎండాకాలం రాజవ్వ కొడుక్కు మంచి సంబంధం కుదిరింది. పెళ్ళిబిందె మీద పేర్లు నేనే చెక్కాను.

గోడలు లేచాక ముగ్గురూ శిలాఫలకం కోసం వచ్చారు. ఎవరి పేరు పైన ఉండాలనే దగ్గర మళ్ళీ మొదలైంది. సేటు అందరి ముందూ నన్ను పిలిచి, "లైబ్రరీ, నా పేరు చెక్కకు. నా పేరే లేనప్పుడు వీళ్ళది ఎట్ల ఉంటది?" అన్నాడు. దుకాణంలో రోజంతా పేర్లు అమ్ముకున్న మనిషి తన పేరు బేరంలో వదులుకుని ఆ గోడను ఖాళీగా ఉంచుకున్నాడు. ఆ గోడ మీద ఇప్పటికీ ఎక్కాలు తప్ప ఏమీ లేవు.

భీమన్న చేను, శంకర్ జాగ, నారాయణ వాగు ఒడ్డు ఇప్పుడు లేవు. రెండు ఖదాను గుంతలో పోయాయి, మూడోదాని మీద తవ్విపోసిన మట్టి గుట్టలా లేచింది. ముగ్గురికీ పరిహారం వచ్చింది, ముగ్గురూ చంద్రపూర్‌లో మేడలు కట్టుకున్నారు, వాళ్ళ మనవలు వేరే బళ్ళలో చదువుతున్నారు. రాజవ్వ గడ్డ మీద మా బడి గంట కొడుతోంది. గంట అంటే ఆ ఇనుప గొట్టమే. పైన ఉన్న ముక్క కోయించి, దూలానికి వేలాడదీశారు. బతికినన్నాళ్ళూ సేటు గేటులోకి అడుగుపెట్టగానే దాన్ని ఒకసారి కణుపుతో కొట్టి, తల వంచి, వినేవాడు.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పాలి. బయటికి ఇవ్వకూడని పుస్తకాన్ని సంచిలో పెట్టి ఇచ్చిన వాచనాలయం వామన్‌రావుగారికి. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పిన రామ్‌సేవక్‌కు. మోసపోయిన పుంజు సంగతి నాకు మళ్ళీ మళ్ళీ, ప్రతిసారీ కొంచెం పెద్ద పుంజుగా చెప్పిన రాజవ్వకు. ఆగిన ఎక్కాన్ని ఆగినచోటు నుంచే మళ్ళీ అందుకున్న సుమన్‌బాయికి. సేటు పేరు మాత్రం రాయను. ఇక్కడ ఆయన పేరు అచ్చయిందంటే రేపు పొద్దున బడి గోడ మీద మూడు పేర్లు లేస్తాయి. ఆయన చేసిన బేరం ఇంకా నడుస్తోంది, దాన్ని చెడగొట్టే హక్కు నాకు లేదు.

చివరగా భీమన్నగారికి, శంకర్‌గారికి, నారాయణగారికి. సభలో మీరు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. మీలో ఏ ఇద్దరైనా ఒక్క పూట కలిసి ఉండి ఉంటే ఈ బడి ఇవాళ గుంతలో ఉండేది. కలవనందుకు మీకు, పిల్లలందరి తరఫున, పేరుపేరునా కృతజ్ఞతలు.